వక్కాకు సంచిలో జెల్డా

ఆ రోజు సాయంత్రానికి మా ఇంట్లో నేను వెతకని చోట్లు రెండే మిగిలాయి. ఒకటి దేవుడి గూడు, రెండోది మా అవ్వ వక్కాకు సంచి. నాలుగింటికి స్నానం చేసి దేవుడి గూడు కూడా వెతికాను. సంచి జోలికి మాత్రం పోలేదు. అవ్వను అడక్కుండా దాని మీద చెయ్యి వేసిన మగాడు మా వంశంలో ఒక్కడే, మా తాత. ఆయన కూడా ఒకసారే వేశాడట.

పోయింది నగా కాదు, నట్రా కాదు. తపాలా బిళ్ళ సైజులో ఒక నల్లటి ప్లాస్టిక్ ముక్క. కానీ దాని లోపల ఒక రాజ్యమే ఉంది. కొండలు, వాగులు, గుర్రాలు, కోటలో నూరేళ్లుగా రాక్షసుణ్ణి ఒంటరిగా అణిచిపెట్టి ఉన్న జెల్డా అనే రాకుమారి. 2017 మార్చి 3న జపాను కంపెనీ నింటెండో వాళ్ల స్విచ్ అనే కన్సోల్, అంటే ఆటలాడే మిషను, దాంతోపాటే ఈ ముక్కలోని ఆట విడుదలయ్యాయి. మా బావమరిది అమెరికా నుంచి బిడ్డకు పుట్టు వెంట్రుకలు తీయించడానికి కొండకు వచ్చినప్పుడు రెండూ తెచ్చి నా చేతిలో పెట్టాడు. టీవీకి తగిలిస్తే టీవీ గేమ్, పీకి చేత్తో పట్టుకుంటే చేతి గేమ్. మా ఆవిడ దీన్నే ఇంకోలా చెబుతుంది. "ఇంతకుముందు హాల్లో మాత్రమే పనికిరాకుండా ఉండేవారు. ఇప్పుడు ఏ రూములో అయినా ఉండగలరు."

ఆ ఆటలో వీరుడు కనపడిన కొండనల్లా ఎక్కుతాడు. సగం ఎక్కాక వాన పడితే జర్రున జారుతాడు. మళ్ళీ ఎక్కుతాడు. రాత్రి ఒంటిగంట దాకా వాడిని అలా ఎక్కిస్తూ కూర్చుంటాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి పోదాం రండి అంటే మాత్రం నాకు మోకాలు గుర్తొస్తుంది. ఇంతకీ ఆ రాకుమారిని విడిపించానా అంటే, ఇంకా లేదు. నూరేళ్లు ఆగిన మనిషి ఇంకో ఎండాకాలం ఆగలేదా?

నిజం చెప్పాలంటే నాది ఆట పిచ్చి కాదు, ఆటల కబుర్ల పిచ్చి. ఏది ఎప్పుడు వస్తుంది, ఎంతకు వస్తుంది, ఎందుకు రావడం లేదు, ఇవి తెలుసుకోవడంలోనే పొద్దు గడిచిపోతుంది. ఆడటానికి టైమెక్కడిది?

2025 జనవరి 16న స్విచ్ 2 వస్తోందని రెండు నిమిషాల చిల్లర వీడియో ఒకటి వదిలారు. అందులో ధర లేదు. ఏ నెలో లేదు. కుడిచేతి వైపు ఒక కొత్త బటన్ ఉంది, దాని మీద అక్షరం లేదు. అంతే, రెండున్నర నెలలు ప్రపంచంలో నాబోటి వాళ్లంతా ఆ ఖాళీ బటన్ చుట్టూ ప్రదక్షిణలు చేశాం. ఒకరు అది కెమెరాకు అన్నారు, ఒకరు ఇంకోదానికి అన్నారు. ఆఫీసులో లెడ్జరు కింద కాగితం పెట్టుకుని ఆ బటన్ బొమ్మ గీస్తూ నేను హెడ్ క్లర్కుకు దొరికిపోయాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈశాన్యంలో బోరు వేస్తా ఉండారా?" అని మెచ్చుకున్నాడు.

నేనొక్కణ్ణే అనుకునేరు. బైరాగిపట్టెడలో నాకొక ఫ్రెండున్నాడు. వాడిది సోనీ వాళ్ల పిఎస్5 కన్సోల్, వాడి జపం జిటిఎ 6 అనే ఆట. అయిదోది 2013లో వచ్చింది. ఆరోదాని మొదటి ట్రైలరు 2023 డిసెంబరు 5న, మన టైము ప్రకారం రాత్రి ఏడున్నరకు అన్నారు. మావాడు ఆఫీసులో ముందే పర్మిషన్ పెట్టుకున్నాడు. తీరా చూస్తే ఎవడో లీక్ చేసేశాడని, కంపెనీయే తొందరపడి ఆ తెల్లవారుజామునే వదిలేసింది. బయట మిచాంగ్ తుఫాను వాన దంచుతోంది. సుప్రభాతం వేళకు నాకు ఫోను. "మామా, వచ్చేసింది మామా!" అని ఏడుపు గొంతు. వాళ్ల వీధిలోకి నీళ్లొచ్చేశాయనుకుని నేను గొడుగు వెతుక్కున్నాను. ఆ ఆట 2025లో అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఇప్పుడు 2026 నవంబరు 19 అంటున్నారు. తిరుపతి వాళ్లకు ఎదురుచూడటం ఒకరు నేర్పనక్కరలేదు. కంపార్టుమెంటులో కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు గేటు తీస్తారు, బయటపడితే స్వామి దగ్గరికే దారి. ఈ ఆటల వాళ్లు గేటు తీసినట్టే తీసి ఇంకో కంపార్టుమెంటులో కూర్చోబెడతారు.

సరే, నా సంగతికొస్తాను. ఆ ఖాళీ బటన్ గుట్టు విప్పే రోజు 2025 ఏప్రిల్ 2, బుధవారం. గంటసేపు వీడియో, మనకు సాయంత్రం ఆరున్నరకు. ఉగాది అయి మూడు రోజులే. పచ్చడిలో వేపపువ్వు సరిగా పడలేదని, "చేదు లేని ఉగాది ఒక ఉగాదేనా" అని అవ్వ ఇంకా సణుగుతూనే ఉంది. నేను సెలవు పెట్టాను. కొత్తది రాబోయే ముందు పాతదాన్ని గౌరవించాలి కదా, జెల్డా కాసేపు ఆడి అప్పుడు కూర్చుందామని కన్సోల్ తీశాను. లోపల కార్లాట ఉంది. జెల్డా లేదు.

"నాన్నా, నేను తీసి టేబుల్ మీదే పెట్టినా," అన్నాడు మావాడు.

"టేబుల్ మీద నేను బట్టలు మడత పెట్టినా," అంది మా ఆవిడ.

"బట్టల కింద ఏముందో చూసినావా?"

"మీ బనియన్లు తప్ప ఇంకేం లేదు. అవీ పారేయాల్సినవే."

సోఫా తిరగేశాను. అందులో రెండు రూపాయల బిళ్ళలు, రిమోటు మూత, మావాడి పోయిన సంవత్సరం ప్రోగ్రెస్ కార్డు దొరికాయి. చివరిది దొరకడంతో వెతుకులాట అరగంట ఆగింది. ఆ తర్వాత చెత్తబుట్ట. ఆ తర్వాత ఇడ్లీ పిండి గిన్నె, ఎందుకో నన్నడగకండి, పోయిన వస్తువు కోసం మనిషి వెతికే చోట్లకు లాజిక్ ఉండదు.

మా ఆవిడకు జాలేసి, "పోనీ ఇంకోటి కొనుక్కోండి," అంది. ఎక్కడ కొనాలి? ఇది పిఎస్5 మాదిరి షోరూముకు పోయి తెచ్చుకునేది కాదు. నింటెండో సరుకు మన దగ్గరికి ఎవరో ఒకరు బయటి దేశాల నుంచి తెప్పిస్తే వచ్చేదే, వాళ్లు చెప్పిందే రేటు. ఆ కంపెనీ ఎంత గొప్పదో ఆమెకు అర్థమైతే కష్టం కూడా అర్థమవుతుందని, "అది 1889లో పుట్టింది తెలుసా? క్యోటోలో పూల బొమ్మల పేకముక్కలు చేసేవాళ్లు," అన్నాను. ఆమె మడత పెడుతున్న తువ్వాలు అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"అనుకుంటానే ఉన్నా. మొదటి నుంచీ పేకాట వంశమన్న మాట."

ఆరున్నరైంది. టీవీలో వీడియో పెట్టాను. పక్కనే అవ్వ. ఆమె సీరియల్ ఏడింటికి. "ఆ లోపల నీ రామాయణం ముగించుకో," అని సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొదట మారియో కార్ల పందెం కొత్తది చూపించారు. ఎడారులు, ఊళ్లు, రోడ్ల మీద బళ్లు దూసుకుపోతున్నాయి. అందులో ఒక ఆవు స్టీరింగ్ పట్టుకుని పోతోంది. వట్టి మాట కాదు, ఆ ఆటలో నిజంగానే ఆవు ఉంది.

"ఏందిరా అబ్బోడా, ఆవు బండి తోలతా ఉంది?"

"ఆట అవ్వా."

"మనం ఆవును బండికి కట్టేదానికే పాపమంటాం. వీళ్లు దానికి లైసెన్సే ఇచ్చినారే!"

అప్పుడే కరెంటు పోయింది.

ఏప్రిల్ నెలలో కరెంటు పోవడం వార్త కాదు. కానీ ఆ నిమిషానికే పోవాలా? టీవీ పోయింది, వైఫై పోయింది. ఫోనులో పెట్టాను. సున్న తిరుగుతోంది. మేడ మీదికి పరిగెత్తాను, అక్కడా సున్నే. కపిలతీర్థం వైపు తిరిగి ఫోను పైకెత్తాను, దణ్ణం పెడుతున్నాననుకుని పక్కింటాయన కూడా అటు తిరిగి దణ్ణం పెట్టాడు. మళ్ళీ కిందికి దిగాను. కిటికీలన్నీ పరదాలేసి ఉన్నాయి, హాలంతా చీకటి. అవ్వకు చీకటీ వెలుగూ ఒకటే, ఆమె చేతులే కళ్లు. సంచి ముడి విప్పిన చప్పుడు వినిపించింది. ఆకు తీసి, ఈనె గిల్లి, సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి బుగ్గన పెట్టుకుంది. అరవై ఏళ్లుగా తప్పని వరస.

ఒక్క క్షణం నిశ్శబ్దం.

"థూ! థూ! ఓలమ్మో! చేదురా నాయనా! విషంరా! సున్నంలో ఎవడో విషం కలిపినాడురా!"

మా ఆవిడ వంటింట్లోంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. మావాడు "108కి ఫోన్ చేసేదా?" అని అరుస్తున్నాడు. అవ్వ నీళ్లు పుక్కిలిస్తోంది, ఉమ్ముతోంది, మధ్యలో మా తాత తరఫు వాళ్లందరినీ పేరుపేరునా తిడుతోంది. "వేపాకు తిన్నా, కాకరకాయ తిన్నా, నేలవేము కషాయం తాగినా. ఇంత చేదు నా పుట్టుకలో ఎరగను!"

ఇంత చేదు.

అంత గొడవలోనూ నా బుర్రలో దీపం వెలిగింది. "దొరికింది!" అని గట్టిగా అరిచాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపు మీద కరెంటు లేకపోయినా వంట చేయొచ్చు.

సెల్‌ఫోన్ లైటు వేసి ఉమ్మిన చోట చూస్తే, నలిగిన ఆకులో, సున్నం పూసుకుని, ఎర్రటి రసంలో మా జెల్డా. పొద్దున మంచం కింద ఊడుస్తుంటే కనపడిందట. వక్క బిళ్ళ జారిపడిందనుకుని అవ్వ తీసి సంచిలో వేసుకుంది. ఇల్లంతా తలకిందులు చేస్తుంటే ఆమెకు చెప్పినవాడు లేడు, చెప్పినా నేను వెతుకుతున్నది "గేమ్" కదా, "వక్క" కాదు.

"భయం లేదు అవ్వా, అది విషం కాదు," అన్నాను. ఎనిమిదేళ్లుగా ఈ ముక్క ఎవరికైనా చెప్పాలని కాచుకుని ఉన్నవాణ్ణి, వదులుతానా? "దాన్ని డెనటోనియం బెంజోయేట్ అంటారు. 1958లో స్కాట్లాండులో కనిపెట్టినారు. లోకంలో దాన్ని మించిన చేదు లేదంటారు. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుని మింగకుండా నింటెండో వాళ్లే పూస్తారు. కన్సోల్ వచ్చిన కొత్తలో అమెరికాలో పత్రికల వాళ్లు కూడా నాకి చూసి..."

"పనిగట్టుకుని నాకినారా?" అంది అవ్వ, తుడుచుకోవడం ఆపి.

"ఊ."

"నీలాంటోళ్లు అక్కడా ఉండారన్న మాట." కాస్త ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకుంది. "చిన్నపిల్లలకు పూస్తే చిన్నపిల్లలకు చెప్పు. నేనేమన్నా చంటిబిడ్డనా?"

ఆమెకు మా ఆవిడ బెల్లం ముక్క ఇచ్చింది. నేను జెల్డాను తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో తుడిచి, కన్సోల్‌లో పెట్టాను. చదవడం కుదరలేదని తెర మీద మెసేజ్ వచ్చింది. తీసి, మళ్ళీ పెట్టాను. అదే మెసేజ్. నా ఆట ఎక్కడిదాకా వచ్చిందన్నది కన్సోల్‌లోనే ఉంటుంది, ముక్కలో కాదు, ఆ ధైర్యం ఉంది. అయినా చేతులు వణుకుతున్నాయి.

ఇలాంటప్పుడు మనిషి చదువుకున్నది పని చేయదు, చిన్నప్పుడు నేర్చుకున్నదే పని చేస్తుంది. నేను చిత్తూరులో ఏడో తరగతి చదివేటప్పుడు మా వీధి చివర ఒకాయన వరండాలో రెండు టీవీలు పెట్టి, గంటకింత అని తీసుకుని టీవీ గేమ్ ఆడించేవాడు. అది జపాను మిషనుకు నకలని మాకేం తెలుసు? క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసి ఉండేది. లోపల ఉన్నవి ఏ పదో, అవే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. కాంట్రా ఆడుతుంటే బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరిపోయేది. ఆయన క్యాసెట్టు పీకి, నోటికి అడ్డంగా పెట్టుకుని, మౌతార్గాన్ వాయించినట్టు ఆ కొస నుంచి ఈ కొస దాకా ఫూ అని ఊదేవాడు. మళ్ళీ పెడితే ఆడేది. అలా ఊదొద్దు, తేమకు పాడవుతుందని నింటెండో వాళ్లే చెప్పారని తర్వాతెప్పుడో చదివాను. చదివితే ఏం? చిత్తూరు వరండాలో అంటుకున్న అలవాటు.

జెల్డాను తీశాను. నోటి దగ్గర పెట్టుకున్నాను. ఆ క్యాసెట్టు అరచేతంత ఉండేది, ఇది గోరంత. పెదవులకు ఆనిస్తే తప్ప ఊదడం కుదరదు. ఆనించి ఫూ అని ఊదాను. ఊదాక, అలవాటు కొద్దీ, పెదవులు తడుపుకున్నాను.

ఆ రుచిని వర్ణించడానికి నాకు అవ్వంత భాష లేదు. నాలుక వెనక్కి ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు. చెంబు కోసం చీకట్లో తడుముకుంటుంటే అవ్వ దాన్ని తన వైపు లాక్కుంది.

"ఎట్లుంది నాయనా? స్కాట్లాండుదేనా?"

కరెంటు వచ్చింది. టీవీ వెలిగింది. మా ఆవిడ రిమోటు తీసి సీరియల్ పెట్టింది, ఏడు దాటి పావుగంటైంది మరి. అప్పుడే ఫోను మోగింది. బైరాగిపట్టెడ.

"మామా! చూసినావా మామా? జూన్ 5న అంట! రేటు మాత్రం చెప్పలా. అదిగాక ఆ ఖాళీ బటన్ ఏందో తెలిసిపోయింది మామా! సి అంట! ఆడతా ఆడతా ఫ్రెండ్స్‌తో మాట్లాడుకునేదానికంట! ఏం మామా, ఎట్లుంది?"

"ఊ," అన్నాను.

"ఊ ఏంది మామా? రెండున్నర నెలలుగా నన్ను నిద్ర పోనీకుండా చేసినావు ఆ బటన్ గురించి. మాట్లాడు మామా!"

నేను నోరు తెరిచాను. నాలుక లేవలేదు. అవ్వ ఫోను వైపు వంగి, బెల్లం చప్పరిస్తూ, "వక్కాకు వేసుకోనుండాడు నాయనా, రేపు చెయ్యి," అంది.