రేకుల కప్పును ఫ్రేమ్‌లోంచి ఎందుకు తోసేస్తున్నాం?

వలిసె పూలు పూసే నవంబర్, డిసెంబర్ నెలల్లో అరకు నుంచి వచ్చే ఫొటోలన్నీ పసుపే. ఆ తోట పక్కన ఎర్రమట్టి పూసిన ఇల్లు ఉన్నా చూపు దాని దాకా పోదు. రంగు తీసేస్తే ఇల్లు కనిపిస్తుంది. మన్యం ఇళ్లను బ్లాక్ అండ్ వైట్‌లో తీయడం నాకు ఇష్టం కావడానికి మొదటి కారణం ఇదే. కానీ అదే పద్ధతి ఆ ఇంటికి అన్యాయం కూడా చేయగలదు. చేస్తోంది కూడా: రేకుల కప్పు వేసిన ఇళ్లను ఫొటోల్లోంచి తప్పిస్తోంది.

ముందు పని సంగతి. ఫోన్‌లో ఫొటో తీసి, రంగు తీసేసే ‘మోనో’ నొక్కితే చాలాసార్లు నిరాశే మిగులుతుంది. ఎర్రమట్టి గోడ, పచ్చటి చెట్లు కంటికి ఎంత వేరుగా కనిపించినా వాటి వెలుగు ఇంచుమించు ఒకటే. రంగు పోగానే రెండూ ఒకే బూడిద రంగులోకి దిగిపోతాయి, ఇల్లు కొండలో కలిసిపోతుంది. ఫిల్మ్ రోజుల్లో ఇందుకే లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెట్టేవాళ్లు. ఇప్పుడు ఎడిటింగ్‌లో రెడ్ చానల్ (ఫొటోలోని ఎర్ర వెలుగు) వాటా పెంచితే అదే జరుగుతుంది: గోడ తేలుతుంది, చెట్లు ముదురుతాయి, నీలాకాశం నల్లబడుతుంది. అయితే ఇక్కడ ఒకటి పోగొట్టుకుంటాం. తూర్పు కనుమల్లో ఒక కొండ వెనక ఇంకో కొండ పలచబడుతూ పోతేనే దూరం తెలుస్తుంది. ఆ పలచదనం నీలపు మసక వల్ల వచ్చేది. ఎర్ర ఫిల్టర్ ఆ మసకను తగ్గించేసరికి దూరపు కొండలు దగ్గరికి వచ్చి కూర్చుంటాయి. అందుకే ఈ పనే కాస్త తక్కువగా చేసే నారింజ ఫిల్టర్ దగ్గరే ఆగడం మేలని నా అభిప్రాయం. పొద్దుటి పొగమంచు సంగతి వేరు. అది నీటి బొట్లు, ఏ ఫిల్టర్‌కూ లొంగదు.

గోడ దగ్గరికి వెళ్తే అసలు విషయం ఉంటుంది. ఎండ పక్కవాటుగా పడే వేళ మట్టి గోడను చూడండి. అలికిన చేతి వేళ్ల చారలు విల్లులా వంగి, ఒకదాని పక్కన ఒకటి వరసగా కనిపిస్తాయి. మట్టిలో కలిపిన గడ్డిపోచలు అక్కడక్కడా పైకి లేచి, ఒక్కోదాని కింద సన్నటి నీడ ఉంటుంది. రంగు ఫొటోలో ఇదంతా ‘ఎర్ర గోడ’ అన్న ఒక్క మాటలో పోతుంది. నలుపు తెలుపులో మాత్రం అలికిన మనిషి చెయ్యి ఎంత దూరం చాచిందో కూడా తెలిసిపోతుంది.

కొండల నడుమ పల్లె ఫొటో అనగానే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్, న్యూ మెక్సికో’ గుర్తొస్తుంది. కింద చర్చి, ఇళ్లు, సమాధుల మీద తెల్లటి శిలువలు. పైన సగానికి మించి ఆకాశం. వెలుగు పోతున్న ఆ నిమిషంలో వెలుగు కొలిచే లైట్ మీటర్ దొరక్క, తనకు తెలిసిన చంద్రుడి వెలుగు లెక్కతోనే ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద ఎంత వెలుగు పడాలో) వేశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు అదే నెగటివ్ నుంచి ప్రింట్లు వేశాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బు చారలు ఉంటాయి, తర్వాతి వాటిలో ఆకాశం దాదాపు పూర్తిగా నలుపు. ఊరు అదే, క్షణం అదే, ఫొటో మాత్రం మారిపోయింది. అంటే నలుపు తెలుపు ఫొటోలో ప్రతి బూడిద రంగూ తీసినవాడి నిర్ణయమే. ‘నేను ఉన్నది ఉన్నట్టు తీశాను’ అని తప్పించుకోవడానికి లేదు.

మన దగ్గర ఆ నిర్ణయం ఎటు పోతోందంటే, గడ్డి కప్పు ఇల్లు దొరికే దాకా తిరుగుతాం. రేకుల ఇల్లు ఎదురైతే కెమెరా దించేస్తాం. కరెంటు తీగ, డిష్ యాంటెన్నా ఫ్రేమ్‌లోకి వస్తే ఎడిటింగ్‌లో చెరిపేస్తాం. నలుపు తెలుపు అంటేనే మనకు తాతల కాలం. దానికి ఈ చెరిపివేత తోడైతే, ఈ పొద్దున ఫోన్ చార్జింగ్ పెట్టుకున్న కుటుంబం ‘అంతరించిపోతున్న జీవితం’ అన్న క్యాప్షన్ కిందకి చేరుతుంది. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. గడ్డి కప్పును కొన్నేళ్లకోసారి మార్చాలి. గడ్డి కోసుకురావాలి, మనుషులు కావాలి, నిప్పంటే భయం. ఇవన్నీ పడలేకే రేకు వేసుకున్నారు. ఎండాకాలం ఉడుకు, వానాకాలం మోత భరిస్తూ కూడా దాన్నే ఎంచుకున్నారు. బాగా వెనకబడిన ఆదివాసీ తెగల కోసం 2023 నవంబర్‌లో మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్ కింద గదబ, పోర్జ లాంటి తెగలకు పక్కా ఇళ్లు కూడా మంజూరయ్యాయి. ఊరు మారుతుంటే మన ఫొటోల్లో మాత్రం మారకూడదా?

రేకు తీయడం కష్టమన్న మాట పూర్తిగా అబద్ధమేం కాదు. మిట్ట మధ్యాహ్నం అది మెరిసి ఫొటోలో తెల్లటి మచ్చ అయిపోతుంది. కానీ మబ్బు పట్టిన రోజున అదే రేకు ఆకాశం రంగులోకి దిగి మెత్తబడుతుంది. సాయంత్రం వాలు ఎండలో దాని ముడతలు గీతలు గీతలుగా లేస్తాయి. నలుపు తెలుపుకి అంతకన్నా మంచి సరుకు ఏముంటుంది? కాస్త ఆగాలి, అంతే.

పోటీలు పెట్టేవాళ్లు, క్యాలెండర్లు వేసేవాళ్లు ఒక పని చేయవచ్చు. ఇంటి ఫొటో కింద ఊరు, నెల, సంవత్సరం, కప్పు దేనితో వేశారో రాయమని షరతు పెట్టాలి. ఫొటో తీసినవాళ్ల పేరు ఎలాగూ వేస్తున్నారు. ఇంటివాళ్లు ఒప్పుకుంటే, ఆ గోడ లేపినవాళ్ల పేరు, అలికినవాళ్ల పేరు కూడా దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో వేయాలి.