ఒక జలాంతర్గామి, ఇద్దరు కమాండర్లు

(స్థలం: విజయవాడ, పటమటలో ఒక మేడ మీది గది. కాలం: కిటికీ బయట మే నెల ఎండ, కంప్యూటరు తెర మీద 1940 అక్టోబరు నాటి అర్ధరాత్రి. నీటిపారుదల శాఖలో ఉద్యోగ విరమణ చేసిన సాంబశివరావు గారు రైతు బజారు నుంచి గోంగూర సంచితో వచ్చి, సంచి దించకుండానే తెర ముందు నిలబడిపోయారు. లెక్కల టీచరుగా ఉద్యోగ విరమణ చేసిన ఆయన భార్య విశాలాక్షి గారు వంటింటి గుమ్మంలో ఉన్నారు. తెర మీద ఉన్నది 2005లో వచ్చిన సైలెంట్ హంటర్ 3 అనే ఆట, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ జలాంతర్గామిని నడిపే ఆట. నీటికి సంబంధించిన సమస్త విషయాలూ తన శాఖ కిందికే వస్తాయని సాంబశివరావు గారి నమ్మకం. ఆ నమ్మకం మీద విశాలాక్షి గారికి మొదటి నుంచీ గౌరవం లేదు.)

సాంబశివరావు: విశాలాక్షీ, నేను లేనప్పుడు ఇంట్లోకి ఎవరో వచ్చి వెళ్ళారు.

విశాలాక్షి: పాలవాడు తప్ప ఎవరూ రాలేదండీ. ఏం పోయింది?

సాంబశివరావు: నాలుగు టార్పెడోలు పోయాయి. నేను బజారుకు బయలుదేరినప్పుడు నా పడవలో తొమ్మిది ఉన్నాయి, ఇప్పుడు అయిదే కనిపిస్తున్నాయి. అంతకన్నా ఘోరం ఏమిటంటే, నేను ముంచని ఓడలు రెండు మునిగినట్లు నా గస్తీ దినచర్యలో రాసి ఉంది.

విశాలాక్షి: మీరు ముంచినవి ఒకటో రెండో ఉండి ఉంటే ఇవి వాటిలో కలిసిపోయేవి, మీరు గుర్తుపట్టేవారు కాదు. ఫ్రాన్స్‌లోని లోరియాన్ రేవు నుంచి పద్నాలుగు టార్పెడోలతో బయలుదేరి, అయిదింటిని అట్లాంటిక్ మహాసముద్రంలో నిమజ్జనం చేసి, ఒక్క ఓడకైనా సున్నం రాలనివ్వని కమాండరు మీరు.

సాంబశివరావు: అంటే నా కుర్చీలో కూర్చున్నది నువ్వేనన్నమాట! యుద్ధకాలంలో కమాండరు లేని సమయం చూసి పడవను చేజిక్కించుకోవడాన్ని ఏమంటారో తెలుసా?

విశాలాక్షి: తిరుగుబాటు అంటారు. అయితే తిరుగుబాటు చేసినవాళ్ళు పదకొండు వేల టన్నులు ముంచి లెక్క అప్పగించడం మాత్రం ఎక్కడా ఉండదు.

సాంబశివరావు: ఆ అయిదూ గురి తప్పడానికి కారణం నేను కాదు, వాతావరణం. ఈ ఆటలో ఒకసారి సెకనుకు 15 మీటర్ల గాలి మొదలైతే వారాల తరబడి తగ్గదని ఆడినవాళ్ళందరికీ తెలిసిన సంగతే. అలలు పెరిస్కోపును ముంచెత్తుతుంటే ఓడ ఎంత దూరంలో ఉన్నదో ఎవరు చెప్పగలరు?

విశాలాక్షి: గాలి నాకూ అదే గాలి. మీరు చేసిన తప్పు గురి దగ్గర కాదు, వెంటపడటం దగ్గర. ఓడల గుంపు 8 నాట్ల వేగంతో పోతున్నది. మీ 7సి రకం పడవ నీటి అడుగున ప్రాణం పెట్టి పరుగెత్తినా 7.6 నాట్లకు మించదు, ఆ వేగంతో పోతే బ్యాటరీలు కొద్దిసేపటికే ఖాళీ అవుతాయి. వెనక ఉన్నవాడు ముందున్నవాడికన్నా నెమ్మదిగా పోతూ ఎప్పటికి అందుకుంటాడో నాకు తెలిసిన గణితంలో సమాధానం లేదు.

సాంబశివరావు: నీటిపైకి వస్తే వాళ్ళకు కనిపించిపోతాను కదా!

విశాలాక్షి: కనిపించనంత దూరం తప్పుకుని పైకి రావాలి. నీటిపైన డీజిల్ యంత్రాల మీద ఇదే పడవ 17 నాట్ల పైన పోతుంది. అందుకని నేను వాళ్ళ పొగ మాత్రమే దిగంతంలో కనిపించేంత దూరంలో పక్కగా ప్రయాణం చేసి, రాత్రికి వాళ్ళకన్నా ముందుకు వెళ్ళి, వాళ్ళ దారికి అడ్డంగా పడవను నిలిపి, మునిగి, యంత్రాలు ఆపి కూర్చున్నాను. కదిలిపోయిన బస్సు వెనక నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి పరుగెత్తేవాడికి బస్సు దొరకదు, ఆటో ఎక్కి బెంజి సర్కిల్ దగ్గర దిగి నిలబడినవాడికి దొరుకుతుంది.

సాంబశివరావు: (కొంచెం తగ్గి, సంచి దించి) అది సరే. గురి ఎలా చూశావు? నాకైతే అనుభవం మీద ఒక అంచనా ఉంటుంది.

విశాలాక్షి: మీ అంచనా సంగతి ఆ అయిదు టార్పెడోలే చెబుతున్నాయి. ఓడ వేగం తెలియకుండా ఎంత గురి చూసినా దండగ. గడియారం పెట్టుకుని 3 నిమిషాల 15 సెకన్లలో ఓడ ఎన్ని వందల మీటర్లు కదిలిందో పటం మీద కొలిస్తే, అన్ని నాట్లు దాని వేగం. ఎనిమిది వందల మీటర్లు కదిలింది కాబట్టి 8 నాట్లు.

సాంబశివరావు: అదేమి చిట్కా? 3 నిమిషాలు కాదు, 4 నిమిషాలు కాదు, మధ్యలో ఆ 15 సెకన్లు ఏమిటి? ఎవరో నిన్ను ఆటపట్టించారు.

విశాలాక్షి: ఒక నాటు అంటే గంటకు 1852 మీటర్లు. 3 నిమిషాల 15 సెకన్లంటే 195 సెకన్లు. 1852ను 195తో గుణించి 3600తో భాగించండి. 100.3 మీటర్లు వస్తుంది.

సాంబశివరావు: (వేళ్ళ మీద లెక్కించబోయి, మానుకుని) ఆ 0.3 సంగతి ఏమిటి? దాన్ని ఎవరి ఖాతాలో వేశావు?

విశాలాక్షి: అది జానెడున్నర కూడా ఉండదు. మీ టార్పెడోలు ఓడకు అర కిలోమీటరు వెనక నుంచి పోయినప్పుడు మీకు దూరాల మీద ఇంత పట్టింపు ఉన్నట్లు కనిపించలేదు.

సాంబశివరావు: ఎగతాళి చాలు, తరువాత ఏం చేశావో చెప్పు.

విశాలాక్షి: ఓడ నా గురిరేఖను లంబంగా దాటేటట్లు ముందే పడవను తిప్పుకున్నాను. ఆవిరి టార్పెడో 44 నాట్లతో పోతుంది, ఓడ 8 నాట్లతో వస్తుంది. 8ని 44తో భాగించి, ఏ కోణానికి టాంజెంటు అంత ఉంటుందో చూస్తే 10 డిగ్రీల పైచిలుకు. పెరిస్కోపును ఓడ వచ్చే వైపు అంత తిప్పి ఉంచి, ఓడ ముక్కు ఆ గీత దగ్గరకు రాగానే వదిలాను. పదో తరగతి పిల్లలకు త్రికోణమితి దేనికి పనికివస్తుందో చెప్పలేక ఉద్యోగమంతా ఇబ్బంది పడ్డాను, ఈ ముక్క అప్పుడే తెలిసి ఉంటే బాగుండేది.

సాంబశివరావు: ఆవిరి టార్పెడో వాడావా! అది నీటిమీద బుడగల దారి వదులుతుంది, ఆ దారి చూసి వాళ్ళు తప్పుకుంటారు. నేను ఎప్పుడూ విద్యుత్ టార్పెడోనే వాడతాను.

విశాలాక్షి: పగలైతే విద్యుత్ టార్పెడోయే వాడాలి. అయితే అది 30 నాట్లే పోతుంది, గురిలో పొరపాటు ఉంటే ఆ పొరపాటు పెరగడానికి తీరిక ఎక్కువ. అర్ధరాత్రి చీకట్లో బుడగలు ఎవరికి కనిపిస్తాయి? నాలుగు వదిలాను, నాలుగూ తగిలాయి. ఒక్కొక్క ఓడకు ఒకటి, పెద్దదానికి రెండు. రెండు ఓడలు మునిగాయి, మూడోది కుంటుతున్నది.

సాంబశివరావు: (గొంతు పెంచి) కమాండరు అన్నవాడు లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చోడు. ఆనాటి జర్మన్ జలాంతర్గామి కమాండరు ఒట్టో క్రెచ్మర్ ఏం చేసేవాడో తెలుసా? రాత్రివేళ నీటిపైనే ప్రయాణిస్తూ ఓడల వరుసల మధ్యకు దూరిపోయి, ఒక్కొక్క టార్పెడోతో ఒక్కొక్క ఓడను ముంచేవాడు. ఇంకో కమాండరు గుంటర్ ప్రీన్ 1939 అక్టోబరులో బ్రిటిషువారి స్కాపా ఫ్లో నౌకాశ్రయం లోపలికే చొరబడి రాయల్ ఓక్ అనే యుద్ధనౌకను ముంచి బయటపడ్డాడు. నా మార్గం వాళ్ళ మార్గం.

విశాలాక్షి: ఆ మార్గం చివర ఏముందో కూడా మీరే చెప్పండి.

సాంబశివరావు: (తగ్గు స్వరంతో) 1941 మార్చిలో ప్రీన్ పడవ తిరిగి రాలేదు. అదే నెల 17న క్రెచ్మర్ బ్రిటిషువారికి పట్టుబడ్డాడు.

విశాలాక్షి: ఆ రాత్రే షెప్కే అనే ఇంకో జర్మన్ కమాండరు కూడా పోయాడు. జర్మనీ జలాంతర్గాముల్లో పనిచేసిన సుమారు 40,000 మందిలో 30,000 మంది దాకా ఇంటికి చేరలేదని మొన్న భోజనాల దగ్గర మీరే చెప్పి, నన్ను రెండో ముద్ద తిననివ్వలేదు. పైగా హిట్లరు పక్షాన చేరి సరుకు ఓడలు ముంచడం ఏమిటని నేను అడిగితే, ఇందులో రాజకీయం లేదు, యంత్రశాస్త్రం మాత్రమే ఉందన్నారు. కాబట్టి యంత్రశాస్త్రం ప్రకారమే నడుచుకుందాం.

(ఈ మాట మాత్రం సాంబశివరావు గారు నిజంగానే అన్నారు. విశాఖపట్నం సముద్రతీరంలో ప్రదర్శనకు నిలిపిన కుర్సురా జలాంతర్గామిని చూడటానికి వెళ్ళినప్పుడు, అక్కడి మార్గదర్శిని నోరెత్తనివ్వకుండా పది టార్పెడో గొట్టాలనూ తానే వివరించబోయి, ద్వారం దగ్గర తల కొట్టుకున్నది కూడా ఆయనే. ఆయనకు తెలియని సంగతులు తక్కువే, అవి సమయానికి గుర్తుకు రావు.)

సాంబశివరావు: ఇప్పుడు పడవ ఎక్కడున్నది? తెర ఎందుకు కదలడం లేదు?

విశాలాక్షి: పప్పు కుక్కరు కూత వేసిందని ఆట నిలిపి వచ్చాను. పడవ 150 మీటర్ల లోతున ఉన్నది. పైన జలాంతర్గాములను వేటాడే డెస్ట్రాయరు యుద్ధనౌకలు రెండు తిరుగుతున్నాయి.

సాంబశివరావు: రెండు డెస్ట్రాయర్ల కింద నా పడవను వదిలిపెట్టి పప్పు చూసుకోవడానికి వెళ్ళావా! లే, నేను కూర్చుంటాను. ఫ్యాను ఆపు. కుక్కరు కట్టు. నీటిలోని చప్పుళ్ళు వినిపించే హైడ్రోఫోనులో ఓడల మరలు తిరిగే చప్పుడు వినాలి. పడవలో నిశ్శబ్దపు ఆజ్ఞ ఇచ్చేశాను. ఇక నుంచి ఈ గదిలో కూడా ఎవరు మాట్లాడినా గుసగుసగానే మాట్లాడాలి.

విశాలాక్షి: ఆ డెస్ట్రాయరు కంప్యూటరులో ఉన్నదండీ, దానికి మన ఫ్యాను వినబడదు.

సాంబశివరావు: గుసగుసగా!

(ఫ్యాను ఆగింది. బెజవాడ మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోవడాన్ని మించిన యుద్ధానుభవం ఏ ఆటా ఇవ్వలేదు. సాంబశివరావు గారు తల మీద తడి తువ్వాలు వేసుకుని, ఉత్తర అట్లాంటిక్ చలిలోకి దిగారు.)

సాంబశివరావు: మనల్ని వెతకడానికి వాళ్ళు పంపే ఆస్డిక్ శబ్ద తరంగం పడవకు తగులుతున్నది. పూర్తి వేగంతో పారిపోదాం.

విశాలాక్షి: (గుసగుసగా) ఇప్పుడు వేగం పెంచితే మన మర చప్పుడే వాళ్ళకు దారి చూపిస్తుంది. రెండు నాట్ల మీదే ఉంచి, పడవ ముక్కును డెస్ట్రాయరు వైపు తిప్పండి. పక్క చూపిస్తే ప్రతిధ్వని బలంగా వెళుతుంది, ముక్కు చూపిస్తే సన్నగా వెళుతుంది.

సాంబశివరావు: శత్రువుకు ఎదురు వెళ్ళమంటావా?

విశాలాక్షి: వెళ్ళాలి. వాళ్ళ ఆస్డిక్ కిరణం ముందుకు ఏటవాలుగా పోతుంది కాబట్టి, వాళ్ళు సరిగ్గా మన నెత్తిమీదికి వచ్చేసరికి మనం వాళ్ళకు కనబడకుండా పోతాం. అప్పుడు వాళ్ళు గుడ్డిగా బాంబులు జారవిడుస్తారు, అవి ఇంత లోతుకు దిగడానికి కొంత సమయం పడుతుంది. బాంబులు నీళ్ళలో పడిన చప్పుడు వినబడిన క్షణం నుంచి అవి పేలి నీళ్ళు కలతబారి ఉన్నంతసేపూ మనకు పూర్తి వేగం, పూర్తి మలుపు. అలజడి సద్దుమణగకముందే మళ్ళీ రెండు నాట్లు.

సాంబశివరావు: అదే నేను చెప్పబోతున్నాను.

(తెర కంపించింది. ఒక లోతు మాపకం పగిలింది. సాంబశివరావు గారు కుడికి తిప్పమన్నారు, విశాలాక్షి గారు ఎడమకు తిప్పారు, పడవ ఎడమకే పోయింది. ఇదే విధానం మరికొన్నిసార్లు సాగింది. ఓడల గుంపును కాపలా లేకుండా ఎక్కువసేపు వదలడం డెస్ట్రాయర్లకు కుదరదు కాబట్టి, అవి చివరకు తిరిగి వెళ్ళిపోయాయి.)

విశాలాక్షి: (గుసగుసగా) ఇక ఆ నిశ్శబ్దపు ఆజ్ఞ తీసివేయండి, మనవాళ్ళు నింపుకోవాలి.

సాంబశివరావు: కుళాయి నీళ్ళు సాయంత్రం కూడా వస్తాయి, అప్పుడు నింపుకోవచ్చు.

విశాలాక్షి: (గుసగుసగా) నీళ్ళు కాదండీ, ముందు గొట్టాలు.

సాంబశివరావు: ప్లంబరును రేపు పిలుద్దాం. అదిగో, తెల్లవారింది! నువ్వు గాయపరిచిన మూడో ఓడ నాలుగు నాట్లతో ఈడ్చుకుంటూ సరిగ్గా మన వెనకగా దాటబోతున్నది. వెనక గొట్టంలో విద్యుత్ టార్పెడో సిద్ధంగా ఉన్నది. దీన్ని నేను కొడతాను, నువ్వు నోరు విప్పకూడదు.

(పెరిస్కోపు లేచింది. 4ను 30తో భాగిస్తే వచ్చే కోణం సుమారు 8 డిగ్రీలని విశాలాక్షి గారు పాల చీటీ వెనక రాసి, మాట్లాడకుండా ఆయన ముందు పెట్టారు. ఆయన చూడనట్లు నటిస్తూ సరిగ్గా 8 డిగ్రీలే తిప్పి, మీట నొక్కారు.)

సాంబశివరావు: దూరం 800 మీటర్లు. ఎంతసేపు పడుతుంది?

విశాలాక్షి: (గుసగుసగా) 52 సెకన్లు.

సాంబశివరావు: ఈ ఓడ నా ఖాతాలో వేసుకుంటాను.

విశాలాక్షి: (గుసగుసగా) సగం నాది. మొదటి దెబ్బ నేను కొట్టాను.

సాంబశివరావు: ముంచినవాడిదే ఓడ. నౌకాదళ సంప్రదాయం అది.

(యాభై రెండు సెకన్లు గడిచాయి. స్పీకర్లలోంచి ఠంగుమని ఒక ఇనుప చప్పుడు వచ్చి ఊరుకుంది. పేలుడు లేదు. ఓడ అదే కుంటు నడకతో సాగుతున్నది.)

సాంబశివరావు: చూశావా! తగిలింది, పేలలేదు! 1940లో జర్మన్ల టార్పెడో పేలుడు యంత్రాలు సరిగా పనిచేయకనే నార్వే దగ్గర వాళ్ళ పరువు పోయింది. ఇది నా తప్పు కానే కాదు, చరిత్ర తప్పు. ముందు గొట్టాల వైపు పడవ తిప్పుతున్నాను, ఒకటో నంబరు వదులుదాం.

విశాలాక్షి: (గుసగుసగా) ఖాళీ.

సాంబశివరావు: అయితే రెండోది.

విశాలాక్షి: (గుసగుసగా) నాలుగూ ఖాళీయేనండీ. నిశ్శబ్దపు ఆజ్ఞ ఉన్నంతసేపు నావికులు గొట్టాల్లో టార్పెడోలు నింపరు. దాన్ని తీసివేయమని మీకు రెండుసార్లు చెప్పాను.

సాంబశివరావు: ఇంత ముఖ్యమైన విషయం గట్టిగా చెప్పాలని తెలియదా?

విశాలాక్షి: (గుసగుసగా) గట్టిగా మాట్లాడితే డెస్ట్రాయరుకు వినబడుతుందన్నారు.