కోడికూత వద్దన్న ఊరు

ఇటలీ మ్యాపులో బూటు మడమకీ ముందుభాగానికీ మధ్య ఒక వంపు ఉంటుంది చూడండి. క్రీ.పూ. 720 ప్రాంతంలో గ్రీసు నుంచి వలస వచ్చిన అకయన్లు అక్కడ సిబారిస్ అనే ఊరు కట్టుకున్నారు. ఈ ఊరికి తీరని అన్యాయం జరిగిందని నా ఫిర్యాదు. నేటికీ ఇంగ్లిషులో సుఖాలు మరిగినవాణ్ణి ‘సిబరైట్’ అంటారు. ఊరు పోయింది, తిట్టు మిగిలింది.

ఇంతకీ వాళ్లు చేసిన నేరమేమిటి? ఊళ్లో కోడిపుంజును పెంచకూడదన్నారు. కమ్మరి, వడ్రంగి పనులు ఊరి బయట చేసుకోమన్నారు. జనం నిద్ర పాడవుతుందని! జనం నిద్ర గురించి ఇంత బెంగపడే సర్కారు ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, రేపే అక్కడ అద్దెకు దిగుతాను. వంటవాడు కొత్త వంటకం కనిపెడితే ఏడాదిపాటు ఇంకెవరూ అది వండకూడదు, లాభం మొత్తం అతనిదే. పేటెంటు చట్టానికి ముత్తాత అన్నమాట. విందుకు ఆడవాళ్లను ఏడాది ముందే పిలిచేవారట, బట్టలూ నగలూ సిద్ధం చేసుకోవాలి కదా అని. ముందురోజు రాత్రి వాట్సాప్‌లో కార్డు పడేసి ‘ఇదే మా ప్రత్యేక ఆహ్వానంగా భావించి’ అని రాసే మనమా వాళ్లకు వంక పెట్టేది?

స్మిండిరిడెస్ అనే ఒకాయన గ్రీసులోని సిక్యోన్ నగర పాలకుడి కూతురు అగరిస్తేను పెళ్లాడదామని బయల్దేరుతూ వంటవాళ్లు, జాలర్లు, పిట్టలు పట్టేవాళ్లు కలిపి వెయ్యిమందిని వెంట తీసుకెళ్లాడట. పిల్ల మాత్రం ఏథెన్స్ కుర్రాడికి దక్కింది. పాపం, భోజనాల ఖర్చు దండగ.

ఈ ముచ్చట్లలో చాలావాటిని మనకు అందించింది ఎథీనియస్. ఊరు మట్టిలో కలిసిన ఏడు వందల ఏళ్లకు, విందు కబుర్ల మీద పెద్ద గ్రంథం రాసిన మనిషి. అదీ పాత పుస్తకాల్లో ఎవరో అన్నారని చెప్పిందే. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు లోకమంతా నమ్మేసింది.

క్రీ.పూ. 510లో పొరుగున ఉన్న క్రోటోన్ దండెత్తింది. ముందు నడిచింది మల్లయోధుడు మిలో, ఒంటిమీద సింహం తోలు. క్రోటోన్‌వాళ్లు పిల్లనగ్రోవి ఊదగానే, విందుల్లో ఆడటం నేర్చిన సిబారిస్ గుర్రాలు రౌతులతో సహా చిందులేస్తూ అవతలి పక్షంలోకి వెళ్లిపోయాయట. మెచ్చుకోవాలి, ఆ గుర్రాలు పార్టీ మారడానికి కనీసం సంగీతమైనా కావలసి వచ్చింది. డెబ్బై రోజుల్లో అంతా అయిపోయిందనీ, క్రాథిస్ నదిని మళ్లించి ఊరిని ముంచేశారనీ ప్రాచీన గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. ముద్దాయిని ముంచేశాక ఇక వాదన ఎవరు వినిపిస్తారు?

1960లలో అమెరికా నుంచి పెన్సిల్వేనియా యూనివర్సిటీ మ్యూజియం, ఇటలీ నుంచి లెరిచి ఫౌండేషన్ కలిసి మాగ్నెటోమీటర్లు (నేలలోని అయస్కాంత తేడాలను పసిగట్టే పరికరాలు) పట్టుకుని ఆ మైదానమంతా గాలించాయి. మీటర్ల లోతున ఊరు దొరికింది. బయటపడ్డవేమిటంటే ఇళ్ల పునాదులు, బావులు, కుండలు కాల్చే బట్టీలు. గులాబీ రేకుల పరుపులేమీ లేవు. పైగా దానిమీదే తర్వాతి గ్రీకులు థూరీ కట్టారు, దాని మీద రోమన్లు కోపియా కట్టారు. టికెట్టు కొని సిబారిస్ చూడబోయినవాడు ఎక్కువగా చూసొచ్చేది రోమన్ వీధులూ రోమన్ థియేటరే. పాత ఊరి వెండి నాణేల మీద ఒక ఎద్దు తల వెనక్కి తిప్పి చూస్తుంటుంది. ఏం జరగబోతోందో దానికొక్కదానికే అనుమానం వచ్చినట్టుంది.

2013 జనవరిలో అదే నది, ఇప్పటి పేరు క్రాతి, గట్టు తెంచుకుని తవ్వకాల మీద మళ్లీ బురద పోసింది. ఈసారి క్రోటోన్‌వాళ్ల ప్రమేయం లేదు. అసలు వరద లేని రోజుల్లోనూ అక్కడ భూగర్భజలం ఊరుతూనే ఉంటుంది, తోడకపోతే శిథిలాలు మునిగిపోతాయి. అందుకని కోడికూతకే నిద్ర చెడుతుందన్న ఆ ఊళ్లో ఇప్పుడు రాత్రింబవళ్లు పంపులు మోగుతున్నాయి.