పార్కు జాగాలో కూరగాయల మడి

లేఅవుట్‌కు అనుమతి పొందాలంటే మొత్తం విస్తీర్ణంలో పది శాతాన్ని ఉమ్మడి అవసరాలకు వదలాలన్నది నిబంధన. అయిదెకరాల లేఅవుట్‌లో అది ఇరవై గుంటలు. వరంగల్, హనుమకొండ, కాజీపేట కాలనీల్లో ఈ జాగాల తీరు కళ్లెదుటే ఉంది. ఒక మూల సర్కారు తుమ్మ, మరో మూల కూల్చిన ఇళ్ల ఇటుక ముక్కలు, నడుమ పందులు, అక్షరాలు చెరిగిపోయిన మున్సిపల్ బోర్డు. కాస్త నోచుకున్న చోట నాలుగు వ్యాయామ పరికరాలు, తాళం వేసిన గేటు. కంచె లేనిచోట పక్కింటి ప్రహరీ ఏటా కొంత ముందుకు జరుగుతుంది. ఇలాంటి జాగాల్లో కొన్నింటినైనా కూరగాయల సాగు కోసం కాలనీవాసులకు అప్పగించాలని ఈ పత్రిక కోరుతోంది.

ఇది తీరిక ఉన్నవారి సరదాగా కొట్టిపారేయదగిన విషయం కాదు. చుట్టుపక్కల 42 గ్రామాలను కలుపుకొని నగరం పెరిగినప్పుడు, మొన్నటిదాకా వరి, పత్తి, మిర్చి పండిన పొలాలు, చెలకలే ప్లాట్లయ్యాయి. వాటిని దున్నిన చేతులు ఇప్పుడు ఆటో నడుపుతున్నాయి, అపార్ట్‌మెంట్లకు కాపలా కాస్తున్నాయి. మిద్దె తోటలు మంచివే గానీ అవి సొంత డాబా ఉన్నవారికే. అద్దెకుండేవారికి డాబా మీద బట్టలు ఆరేయడానికే యజమాని అనుమతి కావాలి. గుంట అంటే 121 చదరపు గజాలు. అందులో తోటకూర, మెంతి నెల తిరిగేసరికి కోతకొస్తాయి, పుంటికూర తుంచినకొద్దీ చిగురిస్తుంది, కంచె వెంట బీర, చిక్కుడు అల్లుకుంటాయి. ఇంటిల్లిపాదికీ ఏడాదంతా సరిపోతాయని చెప్పలేం. కానీ 2023 జులైలో టమాట కిలో వంద రూపాయలు దాటిన రోజులను మరచిన గృహిణి ఎవరూ ఉండరు.

చెత్త సంగతి ఇంకా ముఖ్యం. 2012 అక్టోబరులో ఇంటింటా తడి, పొడి చెత్తను వేరుచేసి సేకరించి దేశం దృష్టిని ఆకర్షించిన నగరమిది. ఆ ఊపు నిలిచి ఉంటే మడికొండ దగ్గర చెత్త గుట్టలు అంత పెరిగేవి కావు. ఇళ్లలో వెలువడే చెత్తలో దాదాపు సగం తడిదే. దాన్ని ఎండుటాకులతో పొరలు పొరలుగా గుంతలో వేసి, అప్పుడప్పుడు తిరగేస్తుంటే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది. కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువై గాలాడటం లేదని అర్థం, మరికొన్ని ఎండుటాకులు వేస్తే సరిపోతుంది. తన మడికి ఎరువు కావాలనుకున్న ఇల్లాలికి చెత్తను వేరుచేయమని మైకులో చెప్పాల్సిన పని ఉండదు.

అయితే ఎక్కడపడితే అక్కడ విత్తులు చల్లడం కుదరదు. నాలా నీటితో ఆకుకూరలు పెంచడం విషాన్ని వండుకోవడమే. భవన వ్యర్థాలు, పాత బ్యాటరీలు పడేసిన నేలను ముందు పరీక్షించాలి. నగరంలో వ్యవసాయ పరిశోధన స్థానం, మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉండగా సలహాకు కొరత లేదు. తోట పేరుతో చెరువు శిఖం భూముల్లో, అంటే చెరువు నిండితే నీరు నిలిచే జాగాల్లో, పాగా వేసే ప్రయత్నాలను మాత్రం మొదట్లోనే అడ్డుకోవాలి. 2020 ఆగస్టులో, 2023 జులైలో కాలనీలు మునగడానికి నీటి దారులు మూసుకుపోవడమూ కారణమే.

ఇలాంటి ప్రయత్నాలు ఉత్సాహం చాలక విఫలం కావు. ఏప్రిల్‌లో నీళ్లు లేక, రేపు ఈ జాగా ఎవరికిస్తారోనన్న అనుమానం వదలక ఎండిపోతాయి. కాబట్టి కనీసం మూడేళ్లకు రాతపూర్వక ఒప్పందం, ఒక నల్లా కనెక్షన్, మళ్ల పంపకానికి అద్దెదారులనూ కలుపుకొని చీటీలు తీయడం, శాశ్వత నిర్మాణాలపై నిషేధం తప్పనిసరి. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం పచ్చదనానికి బడ్జెట్‌లో పది శాతం కేటాయించమంటోంది; డివైడర్ల మీది పూలమొక్కలకు పోగా మిగిలేదాంట్లో ఈ ఖర్చు పెద్దదేమీ కాదు. మృగశిర కార్తెకు ముందే డివిజన్ల వారీగా ఇలాంటి ఖాళీ జాగాల సర్వే నంబర్లు, విస్తీర్ణం, హద్దులను నగరపాలక సంస్థ ప్రజల ముందుంచాలి. ఎవరి ప్రహరీ ఎంత జరిగిందో కూడా ఆ జాబితాతోనే తేలుతుంది.