స్కూటీకి తాడు కట్టేవాళ్లకి, మా ల్యాబ్రడార్ నల్లోడి తరఫున

ఆ మెసేజ్ ఈ నెల్లో నాకు ఆరోసారి వచ్చింది. మొదట పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత కందుకూరు నించి మా బావ "నీ దగ్గరున్నది ఇదే కుక్కేగదా, చదువు" అని విడిగా, నిన్న రాత్రి మా అత్తమ్మ కూడా పంపింది, ఆమెకి కుక్కంటేనే పడదు. "ల్యాబ్రడార్ ఉన్న ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన 8 సూత్రాలు, రిటైర్డ్ పోలీస్ డాగ్ ట్రైనర్ చెప్పినవి" అని పైన హెడ్డింగు, కింద నాలుగు దండాలు, రెండు మంటలు. ఏ ట్రైనరో, ఏ ఊరో, ఒక్క ముక్క లేదు. ఇన్నాళ్లు గమ్మునున్నా. కానీ మా బ్యాచ్‌లో ఒకడు మొన్న మూడున్నర నెలల కుక్కపిల్లని తెచ్చుకుని, స్కూటీ మీద కూర్చుని ఒక చేత్తో తాడు పట్టుకుని "రేపట్నించి సూత్రం నంబర్ 1 మొదలు" అని ఫోటో పెట్టాడు, దానికి గ్రూపంతా చప్పట్లు. ఇంక ఆగలేక రాస్తన్నా.

ముందు చిల్లరవి ఊడ్చేద్దాం.

"ఏడాది నిండాకే ట్రైనింగ్ మొదలెట్టాలి." ఏడాదికి అది 28 కిలోలు ఉంటది సామీ. అప్పుడు మీరు కూర్చో అంటే అది మీ మీద కూర్చుంటది. పిల్ల ఇంట్లోకొచ్చిన రోజే గిన్నె ముందు రెండు సెకండ్లు ఆగడం నేర్పొచ్చు. తమాషా ఏందంటే ఇదే మెసేజ్‌లో పరుగు మాత్రం మూడో నెల్లోనే మొదలెట్టమన్నాడు. బుర్రకైతే ఏడాది ఆగాలంట, మోకాళ్లకి ఆగక్కర్లేదంట.

"మీరే నాయకుడని దానికి తెలియాలి, ముందు మీరు తిని తర్వాత దానికి పెట్టండి, మాట వినకపోతే వెల్లకిలా పడేసి తొక్కిపట్టండి." ఈ నాయకుడి గోల 1947లో ఒకాయన జూలో ఎక్కడెక్కడివో తోడేళ్లని ఒకే దొడ్లో పెట్టి చూసినప్పటిది. ఆ మాటకి బాగా పేరు తెచ్చిన డేవిడ్ మీచ్ అనే ఆయనే 1999లో, అడివిలో తోడేళ్ల గుంపంటే అమ్మా నాన్నా పిల్లలే, ఈ నాయకుడి పోటీలేం లేవు అని రాశాడు. అయినా మీ ఇంట్లో తోడేలు ఏడుంది, సోఫా కింద చెప్పు నములుతుండేది తోడేలా? ముందు మీరు తింటే తినండి, దానికి మీరు నాయకుడిగా కనపడరు, పప్పన్నం చేత్తో పట్టుకున్న మనిషిగా కనపడతారు.

"కడుపునిండా పెరుగన్నం పెట్టండి, వద్దనేదాకా పెట్టండి." పెరుగన్నం విషమేం కాదు, అన్నం అరిగించుకోవడం కుక్కలు మనతో బతికే నేర్చుకున్నాయి, కాకపోతే ఎదిగే పిల్లకి అదొక్కటే చాలదు, గుడ్డో కోడిమాంసమో పడాల. నవ్వొచ్చింది మాత్రం వద్దనేదాకా అనే మాటకి. ల్యాబ్, అదే ల్యాబ్రడార్, ఏనాడు వద్దంది? 2016లో కేంబ్రిడ్జి వాళ్లు చూస్తే ఈ జాతిలో దగ్గరదగ్గర నాలుగో వంతు కుక్కల్లో ఆకలి తీరిందని చెప్పే జీన్ దెబ్బతినుంది. పెట్టినా ఆకలే, పెట్టకపోయినా ఆకలే. ఆ దెబ్బతిన్న జీన్ మళ్లీ గుడ్డివాళ్లకీ వికలాంగులకీ సాయంగా ఉండే కుక్కల్లో ఇంకా ఎక్కువంట, ముద్ద కోసం ఏదైనా నేర్చుకుంటయ్యిగదా. అంటే ఆ ఆకలిని ట్రైనింగ్‌కి వాడుకోవాల, దాన్ని చూసి జాలిపడి బేసిన్ నింపకూడదు.

"ల్యాబ్‌కి ఈత పుట్టుకతో వస్తుంది, చెరువులో విసిరేయండి, అదే ఈదుతుంది." ఈత మంచిదే, కీళ్ల మీద బరువు పడకుండా ఒళ్లంతా అలుస్తది. ఈ జాతి పుట్టిందే కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో చేపల పడవల దగ్గర, ఇంగ్లండ్ దొరలు పట్టకపోయి వేటలో పడ్డ పిట్టల్ని తెచ్చిచ్చే పని నేర్పారు. కాదన్లా. కానీ విసిరేయడమేందిరా? ఒకసారి విసిరేస్తే ఆ తర్వాత ఏడాదిపాటు బకెట్ చూసినా వణికే కుక్కని నేను చూశా. ఇంకోటి, మన దగ్గర చెరువు అంటే సగం రొయ్యల చెరువులే, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లకి కరెంటు వైర్లు నీళ్లలోకి వేలాడతా ఉంటయ్. మీరు మోకాలి లోతులోకి దిగండి, అది దానంతటదే మీ ఎనకాల వస్తది.

ఇంక అసలు సంగతి. సూత్రం 1, సూత్రం 4. ఈ రెండిటి కోసమే ఇదంతా.

"మూడో నెల నించి రోజుకి రెండు పూటలా 5 కిలోమీటర్లు బండి పక్కన పరిగెత్తించండి. ఎండలో కూడా అలవాటు చేయండి, అప్పుడే గట్టిపడుతుంది. బొచ్చు గీయించండి. ఆయాసపడితే తడి టవల్ కప్పండి."

మనది ఒంగోలు గిత్తల జిల్లా. బండలాగుడు పందేలు చూడనోడు మన గ్రూపులో ఒక్కడు లేడు. అక్కడ మైకులో ఏం అరుస్తారు? పాలపళ్ల విభాగం, రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ తర్వాత సీనియర్లు. ఎందుకట్టా పెట్టారు? పాలపళ్ల గిత్త చేత సీనియర్ల బండ లాగిస్తే ఆ రైతుని ఊరు ఊరంతా తిట్టుద్ది. పశువు నోరు తెరిచి పళ్లు చూసి బరువు పెట్టే ఊళ్లో పుట్టి, పాలపళ్లు కూడా ఊడని కుక్కపిల్లని స్కూటీకి కట్టి 5 కిలోమీటర్లా! ల్యాబ్‌కి ఎముకల చివర్ల ఎదుగుదల ఆగి గట్టిపడేసరికి ఏడాది దాటుద్ది, కొన్నిటికి ఏడాదిన్నర. తుంటి కీలు, మోచేతి కీలు ఈ జాతికి ముందే బలహీనం. ఇప్పుడు దానికేం కాదు, చక్కగా పరిగెత్తుద్ది, మీరు వీడియో కూడా పెడతారు. నాలుగేళ్లకి మెట్లెక్కలేనప్పుడు ఎవడూ వీడియో పెట్టడు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. నెల వయసుకి ఐదు నిమిషాల చొప్పున నడిపించాలి, నాలుగు నెలల పిల్లకి 20 నిమిషాలు, అని నేను ఇదే గ్రూపులో ఎన్నిసార్లు చెప్పానో. తర్వాత వెతికితే దానికి కూడా గట్టి పరిశోధన ఏదీ కనపళ్లా. ఎవరో అన్నారు, అందరం అంటన్నాం. అంటే నేనూ ఒక ఫార్వర్డ్ గాడినే. గట్టిగా దొరికింది నార్వేలో 2012లో వచ్చినదొకటి: మూడు నెల్లలోపు మెట్లు ఎక్కిదిగిన పిల్లల్లో తుంటి సమస్య ఎక్కువ, తాడు లేకుండా మెత్తటి నేల మీద తిరిగిన పిల్లల్లో తక్కువ. అందులో ల్యాబ్‌లు కూడా ఉన్నాయ్. కాబట్టి కుక్కపిల్లని కదలనీయకుండా కూర్చోబెట్టమనడంలా. ఇసకలో వదిలితే అది ఉరుకుద్ది, ఆగుద్ది, పీత ఎనకాల పోద్ది, పడుకుంటది. దాని లెక్క దానికుంటది. స్కూటీ పక్కన ఆ లెక్క మీ యాక్సిలరేటర్ చేతిలో ఉంటది.

ఎండ సంగతి చెప్పేముందు ఇంకోటి ఒప్పుకోవాల. ఈ పని నేనూ చేశా.

నల్లోడికి అప్పుడు తొమ్మిదో నెల. వర్కింగ్ లైన్ పిల్ల (అంటే షోలకి కాకుండా పనికోసం పెంచిన వంశం), సన్నగా పొడుగ్గా, నల్లగా, కాలు ఒకచోట నిలవదు, ఇంట్లో రెండు చీపుర్లు, ఒక రిమోట్, మా ఆవిడ చెప్పులు మూడు జతలు అయిపోయాయ్. ఎవరో చెప్పారు పరిగెత్తిస్తే అణుగుద్దని. ఏప్రిల్ మొదటి వారం, పొద్దున ఏడున్నర, కొత్తపట్నం రోడ్డు, ఎండ కూడా పెద్దగా లేదు, మబ్బుగానే ఉంది, ఉక్కపోత మాత్రం చొక్కా వీపుకి అంటుకుపోతంది. మూడు కిలోమీటర్లు బ్రహ్మాండంగా వచ్చాడు. తర్వాత తాడు కొంచెం బిగిసింది. నేను వాడు ఏదో వాసన చూస్తన్నాడనుకుని "రా రా" అన్నా, వచ్చాడు. అదీ నాకు ఇప్పటికీ గుచ్చుకునేది, రా అంటే వచ్చాడు. ఇంకో రెండు వందల గజాలకి ఎనక కాళ్లు తాగినోడి కాళ్లలాగా పక్కలకి పోయాయ్. దిగి చూస్తే నాలుక వెడల్పుగా గరిటెలాగా బయటికొచ్చి ముదురు ఎరుపు, చొంగ తీగలు సాగుతా ఉంది, పిలిస్తే నా వైపు కాకుండా నా పక్కకి చూస్తన్నాడు.

నేను టవల్ కోసం వెతుకుతన్నా. టీకొట్టు పెద్దాయన మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా గిన్నెలు కడిగే బకెట్ తెచ్చి తల తప్పించి ఒళ్లంతా పోశాడు, పొట్ట కింద, తొడల సందున, ఇంకో బకెట్, ఇంకో బకెట్, మధ్యలో అట్టముక్కతో విసరతా "బాబూ, దున్నపోతులకి చేసేదే ఇది" అన్నాడు. పావుగంటకి కొంచెం తేరుకున్నాక ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళితే అప్పటికి కూడా ఒంటి వేడి 105.8 ఫారెన్‌హీట్ ఉంది. ముందు నీళ్లు పోయకుండా నేరుగా తెచ్చుంటే నాతో మాట్లాడే పని ఉండేది కాదన్నాడు డాక్టర్. రెండ్రోజులు సెలైన్.

కాబట్టి తడి టవల్ అన్నోడికి చెప్పేది: కప్పి వదిలేస్తే అది కాసేపటికి వెచ్చని దుప్పటి అవుద్ది, వేడి లోపలే ఉంటది. పోయాల, విసరాల, మళ్లీ పోయాల, ఆ తర్వాతే బండెక్కించాల. బొచ్చు గీయించమన్నోడికి: ఆ రెండు పొరల బొచ్చే ఎండకి అడ్డం, దువ్వితే చాలు. ఎండకి అలవాటు చేయమన్నోడికి ఏం చెప్పాలో తెలీడంలా. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నోటితో ఆయాసపడి నాలుక మీద తడి ఆవిరి చేసుకునే చల్లబడాల. మన నెల్లూరు, ఒంగోలు గాలి సంగతి తెలుసుగా, ఆరేసిన బట్టలే ఆరవు, నాలుక మీద తడి ఏం ఆరుద్ది? అందుకే మన కోస్తాలో 34 డిగ్రీల ఉక్కపోత కూడా కుక్కకి చిన్న విషయం కాదు, రోహిణి కార్తె దాకా ఆగక్కర్లేదు. 2020లో బ్రిటన్‌లో వడదెబ్బ తగిలిన కుక్కల లెక్కలు తీస్తే నాలుగింట మూడు వంతులు పరిగెత్తించడం, ఆడించడం వల్లే. చలిదేశం బ్రిటన్‌లో! మూసిన కార్లో వదిలేసినవి అందులో చాలా తక్కువ.

ల్యాబ్ అలిసిపోయానని చెప్పదు. తరతరాలుగా మనిషి చెయ్యి చూసి పనిచేసేదాన్నే ఏరి ఏరి పెంచారు. నాటుకుక్కని స్కూటీకి కట్టి చూడండి, ఒక ఫర్లాంగుకి మీ మొహం చూసి కూలబడుద్ది. దాని తెలివి దీనికి లేదు. పైగా ఈ వర్కింగ్ లైన్లలో కొన్నిటికి ఇంకో జబ్బుంది, పది నిమిషాలు ఉద్రేకంగా పరిగెత్తితే ఎనక కాళ్లు చచ్చుబడతాయ్, దానికి కారణమైన జీన్ 2008లో దొరికింది. మీ పిల్లకి ఉందో లేదో మీకు తెలీదు, అమ్మినోడికి అంతకన్నా తెలీదు.

"అలిసిన కుక్కే బుద్ధిమంతురాలు, బంతి వందసార్లు విసరండి." ఇది రెండు సూత్రాలు కలిపి. వందసార్లు బంతి ఎనకాల పోయి సడన్ బ్రేకేసి గిరుక్కున తిరిగితే ముందు పోయేది మోకాలు, తర్వాత బుర్ర, చెయ్యెత్తితే చాలు అరిచే కుక్క తయారవుద్ది. ఈ నెల రెండు కిలోమీటర్లకి అలిసింది వచ్చే నెల నాలుక్కి కూడా అలవదు. మీరు కుక్కని అణచడంలా, అథ్లెట్‌ని తయారు చేస్తన్నారు, అదీ మీ ఖర్చుతో, మీ చెప్పుల మీద ప్రాక్టీసుతో.

పోలీస్ ట్రైనర్ పేరు వాడుకున్నాడు గాబట్టి అడుగుతన్నా, పోలీసుల దగ్గర ల్యాబ్ చేసే పనేంది? వాసన చూడటం. నేను నల్లోడికి ఇప్పుడు చేసేది అదే. పాత సాక్సులో గుడ్డముక్కలు కుక్కి ఎండుచేపల డబ్బాలో రెండ్రోజులు పెట్టి (మా ఆవిడతో ఆ విషయం మీద వేరే యుద్ధం) పెరట్లో కొబ్బరిమట్టల కింద దాస్తా. కూర్చోబెట్టి, మూడు సార్లు ఊపిరి తీసుకునేదాకా ఆపి, "వెతుకు" అంటా. తల దించి, ముక్కు చప్పుడు చేసుకుంటా, గాలి ఎటుందో ఒకసారి మొహం ఎత్తి చూసి, మళ్లీ దించి. పన్నెండు నిమిషాలు. అది అయ్యాక వంటగది గడప దగ్గర చల్లటి బండ మీద నాలుగు కాళ్లు చాపి పడుకుంటే మధ్యాహ్నం దాకా లేవడు. స్కూటీ పక్కన పరిగెత్తించిన రోజుల్లో కూడా ఇట్టా పడుకోలా. బంతి బదులు సంచిగుడ్డ మూట విసురుతా, పదిసార్లు విసిరితే మూడే వాడికి, మిగతా ఏడు నేనే నడిచి పోయి తెచ్చుకుంటా, వాడు కూర్చుని చూస్తంటాడు. రోడ్డున పోయేవాళ్లు ఎవరు ఎవరికి ట్రైనింగ్ ఇస్తన్నారా అని ఆగి చూస్తారు. చూడనీ. ఆ ఏడుసార్లు కదలకుండా కూర్చోవడమే వాడికి అసలు కష్టం.

మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం నిజం, చివర్లో ఉంది, ఎవరూ అంతదాకా చదివుండరు: "ఇది గేటుకి కట్టేసే కుక్క కాదు." అంతే సామీ, దానికి దండమే. ఎండలో గొలుసుకి కట్టేసి పొద్దంతా మొరిగించే వాళ్లకన్నా, తప్పో ఒప్పో తాడు పట్టుకుని బయటికి తీసేవాడు కొంచెం నయమే, నేను తిట్టే మావోడితో సహా.

మావా, నీ పిల్లకి టీకాలన్నీ అయిపోయాక చెప్పు. కొత్తపట్నం బీచ్, పొద్దున ఐదుంబావు, తడి ఇసక చల్లగా ఉంటది. స్కూటీ రోడ్డు మీదే పెట్టి రా. సాక్సు నేను తెస్తా.