నూన్ రిపోర్టును 24తో భాగించకండి

ఓడల వేగం, ఇంధనం లెక్కలపై హైదరాబాద్ విద్యార్థుల ప్రాజెక్టు గురించి మీరు రాశారు, బాగుంది. సముద్రం లేకపోతేనేం, డేటా ఉంది కదా! చిక్కల్లా ఆ డేటాలోనే. నూన్ రిపోర్టు అంటే నడిచిన దూరం, వాడిన ఇంధనం చెబుతూ ఓడ రోజూ పంపే నివేదిక. దాని లెక్క మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికి. తూర్పుకు పోతూ గడియారం గంట ముందుకు జరిపితే ఆ రోజు 23 గంటలే, పడమరకైతే 25. అన్నిటినీ 24తో భాగిస్తే వేగంలో 4 శాతం తేడా. ఇంజిన్ శక్తి దాదాపు వేగం ఘనంతో పెరుగుతుంది గనక శక్తి లెక్కలో ఆ తేడా దాదాపు 12 శాతమవుతుంది.

ఏఐఎస్ (ఓడలు తమ స్థానం, వేగం రేడియోలో ప్రసారం చేసే వ్యవస్థ) ఇచ్చేది నేలతో పోల్చిన వేగం, నీటితో పోల్చింది కాదు. 1 నాట్ (గంటకు ఒక నాటికల్ మైలు) ఎదురు ప్రవాహంలో 12 నాట్ల ఓడ 11 చూపిస్తుంది. ఓడ అడుగున నాచు పట్టి నెమ్మదించిందని కంప్యూటర్ మోడల్ పొరబడుతుంది. ఏఐఎస్‌లోని డ్రాఫ్ట్ (ఓడ నీటిలో మునిగిన లోతు) సిబ్బంది చేత్తో కొట్టేది, చాలాసార్లు పాతదే ఉండిపోతుంది.