మా ఇంటి భీష్ముడి నిరాహార దీక్ష

మా మేనల్లుడు భువనేశ్వర్‌లో చదువుకుంటున్నాడు. డిసెంబరు మొదటి వారంలో ఏదో ట్రైనింగని రెండు నెలలకి పూణే వెళ్తూ, దారి కాకపోయినా పర్లాకిమిడి వచ్చి మా హాల్లో ఒక గాజు పెట్టె దింపాడు. చేపలనుకున్నాను. చేపలైనా బాగుండేది.

"బియర్డెడ్ డ్రాగన్ మావయ్యా. ఆస్ట్రేలియా జాతి. పేరు డ్రాకో. ఏం చెయ్యదు."

లోపల మూరెడు తొండ. ఒళ్లంతా ముళ్లు. గెడ్డం కింద ఇంకో వరస ముళ్లు. ఒక కన్ను నా మీద, ఇంకో కన్ను గోడ గడియారం మీద పెట్టి కూర్చుంది.

మా అమ్మ కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది. "ఆస్ట్రేలియా ఏట్రా? ఇలాటివి మన పెరటి కంచె మీద పది తిరుగుతున్నాయి. వాటికి గెడ్డం నేదు, అంతే కదా?" అంటుండగా ఆ జీవి ముందరి కాలు ఒకటి ఎత్తి మెల్లగా గుండ్రంగా ఊపింది. భయపడి 'నీ జోలికి రాను, నన్నొదిలెయ్' అని చెప్పడానికి ఆ జాతి అలా చేస్తుందని మేనల్లుడన్నాడు. అమ్మ వినలేదు. "ఆశీర్వదిస్తున్నాడు" అని తల వంచింది. తెల్ల గెడ్డం, ముళ్ల ఒళ్లు, ఆశీర్వాదం. ఆ సాయంత్రానికల్లా డ్రాకో పేరు పోయి భీష్ముడు అయ్యాడు.

వాడు రెండు పేజీల కాగితం రాసిచ్చి వెళ్లాడు. రోజూ ఆకుకూరలు, వారానికి రెండుసార్లు పురుగులు. పాలకూర తగ్గించాలి, అది కాల్షియాన్ని ఒంటబట్టనివ్వదు. మిణుగురు పురుగు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు, ఒక్కటి తిన్నా ప్రాణం పోవచ్చు. నేను అంతవరకు శ్రద్ధగా చదివాను. రెండో పేజీ నిండా ఏవో డిగ్రీల లెక్కలున్నాయి. వాడి చదువుకి సంబంధించినవేమో అనుకుని ఫ్రిజ్ మీద పెట్టేశాను.

నాలుగో రోజు పెట్టెలో బల్బు మాడిపోయింది. వెంటనే బజారుకి వెళ్లి అంతకంటే తెల్లగా వెలిగేది తెచ్చి పెట్టాను. అది పెద్దగా చెప్పుకోవలసిన సంగతి కాదు.

వారం తిరిగేసరికి భీష్ముడు తిండి మానేశాడు.

మొదట్లో అలకనుకున్నాం. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త అల్లుడికే రెండు రోజులు బెట్టు ఉంటుంది. మునగాకు పెట్టాం. గుమ్మడికాయ తురిమి పెట్టాం. మా ఆవిడ కొత్తిమీర చల్లి కూడా పెట్టింది, నాకు ఉప్మాలో వెయ్యడానికి లేదన్న కొత్తిమీర. వాడు కళ్లు మూసుకుని, బొజ్జ నేలకి ఆనించి, నాలుగు కాళ్లూ చాపి పడుకునే ఉన్నాడు. వీధి పిల్లలు చూడ్డానికి మూగితే మాత్రం గెడ్డం ఉబ్బి నల్లగా మారేది. "ఇంత నీరసంలోనూ రంగేసుకుంటున్నాడు" అన్నాడు పక్కింటాయన.

అమ్మ ఉప్పు, ఎండు మిరపకాయలతో దిష్టి తీసింది. మిరపకాయల ఘాటుకి మేమందరం దగ్గాం. భీష్ముడు దగ్గలేదు. అప్పుడావిడ పంచాంగం తీసి తేల్చి చెప్పింది: "ఇప్పుడు దక్షిణాయనం రా. సంక్రాంతి దాకా ఆడు ముట్టడు. అంపశయ్య మీద ఆ భీష్ముడు 58 రోజులున్నాడు. ఈడిని కంగారు పెట్టకండి."

నాకు కంగారే. రోజూ రాత్రి మేనల్లుడు ఫోన్ చేసేవాడు. "తిన్నాడా మావయ్యా?" అంటే "ఇప్పుడే" అనేవాణ్ణి. మేము ఇప్పుడే తిన్నామన్న అర్థంలో.

పురుగులైతే తింటాడేమోనని ఆన్‌లైన్‌లో తెప్పించాను. తవుడు పోసిన డబ్బాలో బతికున్న పురుగులొచ్చాయి. చలికి చచ్చిపోతాయేమోనని పొయ్యి పక్క గూట్లో పెట్టాను. చెప్పడం మరిచిపోయాను. మర్నాడు పొద్దున్నే మా ఆవిడ దాన్ని తవుడనుకుని జల్లెడ పట్టింది. తవుడంతా కిందికి పోయింది. పైన మిగిలినవి నడవడం మొదలెట్టాయి.

తల మీద బల్లి పడితే కలహం అని పంచాంగంలో ఉంది. వంటింట్లో పురుగు పడితే ఏమిటో రాయలేదు గాని, ఫలితం అదే వచ్చింది. "పెళ్లై ఇరవయ్యారేళ్లు. పిండిలో పురుగు పడకూడదని వేపాకు పెట్టి, ఎండబెట్టి, జల్లించి చస్తుంటే, డబ్బిచ్చి తెప్పిస్తారా మీరు?" అంది. దానికి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. పోనీ, ఇంత జరిగిందని భీష్ముడైనా ఒకటి తిన్నాడా? ముక్కు మీద నుంచి పాకుతూ పోయింది. కన్ను కూడా తెరవలేదు.

ఇక పశువుల ఆసుపత్రే దిక్కని చెప్పుల అట్టపెట్టెకి చిల్లులు పొడిచి అందులో పెట్టుకుని వెళ్లాను. నా ముందు ఒక మేక, రెండు దూడలు, ఒక కుక్క. మా ఊళ్లో ఏ మాటైనా ఒడియాలో మొదలై తెలుగులో తెగుతుంది. రిజిస్టరు రాసే ఆయన పెట్టెలోకి చూసి "ఝిటిపిటి?" అన్నాడు. బల్లి కాదు బాబూ, తొండ, తొండ కూడా కాదు, ఆస్ట్రేలియా అని చెప్పాను. ఆయన కలం ఆవు, గేదె, మేక, గొర్రె, కోడి గడుల మీదుగా నడిచి నడిచి చివరి గడిలో ఆగింది. గిడుగు రామమూర్తి పంతులుగారు అడవి సవరల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకున్న ఊరిది. నేను నా మేనల్లుడి తొండ పేరు ఆ గడిలో రాయించలేకపోయాను.

డాక్టరు కుర్రాడే గాని నిదానస్తుడు. నవ్వలేదు, అదే గొప్ప. నోరు తెరిపించి చూశాడు, బొజ్జ తడిమాడు.

"వేడి చూశారా?"

"జ్వరమేం లేదండీ. ఒళ్లు చల్లగానే ఉంది."

"అదే రోగం" అన్నాడు.

తొండలకీ బల్లులకీ మనలాగ ఒంట్లో పొయ్యి ఉండదట. వేడి బయటి నుంచి రావలసిందే. ఒళ్లు వేడెక్కకపోతే తిన్నది అరగదు, కడుపులోనే కుళ్లుతుంది. అందుకే చలిలో వాటంతటవే తిండి మానేస్తాయి. మనం ప్రేమ కొద్దీ నోట్లో కుక్కితే ఆ ప్రేమే చంపుతుంది. "బల్బు కింద 40 డిగ్రీలైనా ఉండాలే. ఏ బల్బు పెట్టారు?"

"తొమ్మిది వాట్ల ఎల్.ఈ.డి. అండీ" అన్నాను కొంచెం గర్వంగానే. కరెంటు ఆదా కదా.

ఆయన కలం కింద పెట్టి నావైపు చూశాడు. మేకలాయన కూడా చూశాడు. ఆ పెట్టెలో వెలుతురుంది, ఎండ లేదు. మూడు వారాలుగా ఆ జీవి పట్టపగలు చలికి వణుకుతూ, ఇదేం సూర్యుడ్రా అనుకుంటూ పడుకుని ఉంది. అలకా కాదు, దిష్టీ కాదు. నేనే.

వారానికోసారి తూకం వెయ్యమన్నాడు. కిరాణా కొట్టులో తక్కెడ మీద పెడితే 396 గ్రాములు తూగాడు. వెనక నిలబడ్డామె ఏ కూరగాయనుకుందో ఏమో, "కేజీ ఎంత?" అంది. వాడు కాలు ఊపి ఆశీర్వదించాక వెనక్కి తగ్గింది.

ఇక పాతకాలపు బల్బు కోసం వేట. నాలుగు కొట్లు తిరిగాను. "వేడెక్కే బల్బు కావాలి" అంటే ఒకాయన బాధపడిపోయాడు. "ఇన్నాళ్లూ వేడెక్కని బల్బు అడిగి చంపేరు. తీరా అవి తెచ్చి పెడితే ఇప్పుడు వేడెక్కేది కావాలా బాబూ?" చివరికి ఎవరో చెప్తే సరిహద్దు దాటి పాతపట్నం వైపు ఒక కోళ్ల ఫారానికి వెళ్లాను. పిల్లలకి వెచ్చగా ఉండాలని వాళ్లింకా వంద వాట్లవే వేలాడదీస్తున్నారట. రెండు ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఎన్ని కోడిపిల్లలని అడిగాడు. ఒకటే అన్నాను. పాపం, చాలాసేపు జాలిగా చూశాడు.

బల్బు పెట్టిన రోజే భీష్ముడు దాని కింద రాయెక్కి కళ్లు తెరిచాడు. తిండి మాత్రం మర్నాడు లేదు, ఆ మర్నాడూ లేదు. సంక్రాంతి పొద్దున్న కరెంటు పోయింది. ఎండ తగిలించమని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి, తువ్వాలు పరిచి అరుగు మీద అమ్మ పక్కన పెట్టాను. ఆవిడ తలస్నానం చేసి, ఒళ్లో సజ్జ పెట్టుకుని పూలు ఏరుతోంది. వాడు ఎండకి ఒళ్లు అట్టులా పలచగా పరిచాడు. రంగు ముదిరింది. కాసేపటికి నోరు కొంచెం తెరిచి, అలాగే ఉండిపోయాడు. ప్రాణం పోతోందేమోనని నేను లేచాను. వాడూ లేచాడు. అమ్మ ఒడిలోకి రెండు కాళ్లు వేసి, సజ్జలో అన్నిటికంటే పెద్ద ఎర్ర మందారాన్ని నాలుకతో లాక్కుని, తల ఇటూ అటూ విదిలించి, మూడు గుటకల్లో మింగాడు. పుప్పొడి గెడ్డానికి అంటుకుంది.

"ఒరే, అది అమ్మవారిదిరా!" అంది అమ్మ. వాడు సజ్జవైపే చూస్తున్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, లోపల మా ఆవిడ వస్తోందేమో చూసి, రెండోది తనే అందించింది.

రాత్రి మేనల్లుడి ఫోన్. మొదటిసారి నిజం చెప్పాను, తిన్నాడని.

"హమ్మయ్య! బల్బు సరిగ్గానే వెలుగుతోందా మావయ్యా? ఒకసారి ఫొటో తీసి పంపవా?"

నేను ఫోన్ అమ్మకిచ్చేశాను.

"బల్బేట్రా, బల్బు! ఉత్తరాయణం ఒచ్చింది, తిన్నాడు" అంది అమ్మ.

నేను అవునని గట్టిగా తలూపుతూ, అటక మీద దాచిన ఎల్.ఈ.డి. బల్బుని ఇంకాస్త లోపలికి తోశాను.